అరచేతిని అడిగి తీసిన ఫోటో

వదినా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పోయి పది నెలలు దాటాయి. ఇక్కడి సంగతులు చెప్పుకోవడానికి నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

సిరొంచలో మన స్టూడియో ఇంకా ఉంది. ఉంది అంటే... షట్టర్ సగం దించే ఉంటుంది. రీళ్లు అడిగేవాళ్లే లేరు, అందరికీ డిజిటల్ కావాలి. ఆ డిజిటల్ కెమెరా మోజుపడి కొన్నది నువ్వే, నాలుగు పెళ్లిళ్లు తీసీ తీయకముందే వెళ్లిపోయావు. అన్నయ్య దాని బ్యాగు కూడా ముట్టుకోడు. కెమెరా ఎవరికైనా ఇచ్చేసి స్టూడియో మూసేద్దామన్నాడు. ఒక్క పెళ్లి తీసి చూస్తాను, కుదరకపోతే నీ ఇష్టం అన్నాను.

ఆ పెళ్లి మొన్న రేగుంటలో జరిగింది. పెళ్లికూతురు లక్ష్మి. నల్లని పిల్ల, కళగల ముఖం. వాళ్లమ్మ నన్ను పందిరి బయటే ఆపి, పిల్ల ఫోటోలో జర తెల్లగా రావాలని చెప్పింది. నువ్వుంటే ఏమనేదానివో నాకు తెలుసు. "ఉన్న రంగు ఉన్నట్టు రావాలె పిల్లా. తెల్లగ జేసుడు ఎంతసేపు? వెలుగు జరంత ఎక్కువైతే అందరం తెల్లోళ్లమే."

ఫోటోకు ఎంత వెలుగివ్వాలో, ఆ ఎక్స్‌పోజర్ నాకు నేర్పిన రోజు గుర్తుందా? అమ్మకు తెల్లచీర కట్టించి, గోదావరి ఇసుకలో నిలబెట్టి తీయమన్నావు. కెమెరాలో వెలుగు చూపే మీటర్ ఎంత చెబితే అంతే పెట్టి తీశాను. ఫోటో వచ్చాక చూస్తే ఇసుకా చీరా బూడిదరంగు, అమ్మ ముఖం మసి. నువ్వు పడీపడీ నవ్వావు.

"మిషన్ పిచ్చిది. తెల్లది చూపినా నల్లది చూపినా బూడిదే అనుకుంటది. ముఖం మీద పడ్డ వెలుగుల అరచెయ్యి వెట్టి చూడు. అది పదకొండు అంటే నువ్వు లెన్సు ఎనిమిదికి తెరువు, అంకె తగ్గితే వెలుగు ఎక్కువొస్తది. ఒక మెట్టు వెలుగు ఎక్కువియ్యి, గంతే."

ఎవరి చేయి పెట్టాలని అడిగాను. "ఎవరిదైతేంది? ముఖాలు తీరుతీరు గని అరచెయ్యి అందరిది ఒక్కతీరే. దొరదైనా, కూలోళ్లదైనా."

ఆ మాట ఎంత పెద్దదో అప్పుడు నా బుర్రకు ఎక్కలేదు వదినా. నువ్వు మామూలుగా అనేశావు, నేను మామూలుగా వినేశాను.

రేగుంటలో కూడా నువ్వు చెప్పినట్టే చేశాను. లక్ష్మి చెంప పక్కన నా అరచేయి పెట్టి మీటర్ చూసి, ఒక మెట్టు తెరిచాను. తీశాక తెరమీద చూద్దును కదా... సున్నం కొట్టిన గోడ! ముక్కుపుడక కనబడదు, బాసింగం ముత్యాలు నుదుట్లో కలిసిపోయాయి. మళ్లీ తీశాను. మళ్లీ అంతే. రీలైతే కాస్త సర్దుకునేది, దీనికి ఆ ఓర్పు ఎక్కడిది?

తమాషా ఏమిటంటే, అది అందరికీ తెగ నచ్చింది. వాళ్లమ్మ నా గడ్డం పట్టుకుని మురిసిపోయింది. పోనీలే, గండం గడిచిందనుకున్నాను. ఇంతలో లక్ష్మి వంగి తెరకేసి చూసింది. ఇందులో ఉన్నది ఎవరక్కా అని మెల్లగా అడిగింది.

నీ లెక్క ఎక్కడ తప్పింది? చేతికేసి చూసుకున్నాను. ముందురోజు ఆడవాళ్లంతా పట్టుబట్టి నా చేతినిండా మైదాకు పెట్టారు. పండి నల్లబడ్డ చేయిని చూసి, చీకటిగా ఉందనుకుని మిషన్ వెలుగు గుమ్మరించమంది. దానిమీద నేను ఇంకో మెట్టు కలిపాను!

పందిట్లో మైదాకు లేని ఆడచేయి ఒక్కటీ లేదు. నీకూ మైదాకంటే ఎంత పిచ్చి... మరి పెళ్లిళ్లలో నువ్వెలా నెగ్గుకొచ్చావు? అన్నయ్యను ప్రతి పెళ్లికీ వెంటబెట్టుకు పోయేదానివి. బ్యాగు మోయడానికి అనుకునేదాన్ని. ఎందుకు చెప్పలేదు వదినా?

నాకు తోడుగా వచ్చి వెనకాల కూర్చున్న అన్నయ్యను పిలిచాను. లక్ష్మి పక్కన చేయి పట్టమన్నాను. ఎందుకని అడగలేదు. వేళ్లు దగ్గరగా చేర్చి, అరచేయి కెమెరా వైపు తిప్పి, ముఖం మీద వెలుగు పడేచోటే పట్టాడు.

ఈసారి లక్ష్మి లక్ష్మిలాగే వచ్చింది. నల్లని చెంప నిగనిగలాడింది, ముక్కుపుడక తళుక్కుమంది. వాళ్లమ్మ కాసేపు సణిగింది కానీ, ఆ ఫోటోనే మళ్లీ మళ్లీ చూపించమంది. లక్ష్మి నా చేయి పట్టుకుంది. నువ్వు నేర్పిన చదువు ఎంత గొప్పదో అక్కడ తెలిసింది నాకు.

అన్నయ్య ఇక స్టూడియో మూసే మాట ఎత్తలేదు. తిరిగివచ్చేటప్పుడు బ్యాగు తనే భుజాన వేసుకున్నాడు. ఇకమీద ప్రతి పెళ్లికీ అన్నయ్యను తీసుకెళ్తాను.

ఒక్కటి మాత్రం చెప్పాలి. లక్ష్మి పక్కన మీటర్ చూడడం అయిపోయినా అన్నయ్య చేయి దించలేదు. అయిపోయిందన్నాను, అయినా వెంటనే దించలేదు. దారిలో చెప్పాడు... మీటర్ చూశాక నువ్వు ఆ చేయిని ఒకసారి నొక్కి వదిలేదానివట. అప్పుడు దించేవాడట.

నీ ఆడబిడ్డ
సుజాత