బెదురు పోయే పొగ

బుధవారం, వాకాడు

టపాకాయలు పేల్చి ఊళ్లవాళ్లు తరిమిన ఆడ ఏనుగు ఎంత బెదిరిందో దాని లద్దెను పరీక్షిస్తే తెలుస్తుంది. దాని కంట పడకుండా రెండు రోజులు చిత్తూరు అడవిలో వెనకాలే నడిచి, తాజా లద్దె ఎత్తి ఐసు పెట్టెలో పెట్టాను. ల్యాబుకు వెళ్తూ అక్క ఇంట్లో ఆగడమే పొరపాటు.

స్నానం చేసి, ఓ కునుకు తీసి లేచేసరికి అక్క అదంతా ఎండలో ఆరబోసి, ఒక ముక్క నిప్పుల మీద వేసి పసిపాపకు పొగ పడుతోంది.

“బిడ్డ నిద్రలో ఉలిక్కిపడతా ఉందని చెప్పినా గదా. ఏనుగు లద్దె పొగ పడితే బెదురు పోతాది, అందుకే తెచ్చినావనుకున్నా,” అంది.

ఎండ తగిలిన లద్దె ఇక పరీక్షకు పనికిరాదు. నోటికొచ్చినట్టు అరిచాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది. మళ్లీ వెళ్లి తెచ్చినా ఆనాటి భయం అందులో దొరకదు.

పాప ఉలిక్కిపడకుండా నిద్రపోతోంది. అడవిలో ఆ ఏనుగుకు నిద్ర పట్టిందో లేదో ఇక నాకు తెలిసే దారి లేదు.