కరెంటు పోయిన రోజు కథ

సైదమ్మక్కా,

నువ్వు పోయాక ఇవి రెండో నాట్లు. నువ్వు సగంలో వదిలి వెళ్లిన సీరియల్ అయిపోయింది. ఎట్లా ముగిసిందో నిన్న నాటేస్తూ చెప్పబోతే పక్కింటి మానెమ్మ కయ్యిమంది.

"జర ఆగు వదినె, చెప్పకు! నేనింకా అంతదాక సూడలె."

ఇప్పుడు ఎవరి ఫోన్‌లో వాళ్లు, తీరినప్పుడు చూసుకుంటున్నారు. కథలో ఒక్కొక్కరు ఒక్కోచోట ఉన్నారు. అందుకే కథ మాట ఎత్తకుండానే మడి దాటాం.

అప్పట్లో సీరియల్ మధ్యలో కరెంటు పోతే, తెల్లారి నాట్లలో మిగతాది నువ్వే అల్లి చెప్పేదానివి. తర్వాత టీవీలో ఇంకోలా వచ్చినా ఆడవాళ్లంతా నీ దిక్కే.

"టీవీవోల్లకేం తెలుసు? సైదమ్మ చెప్పిందే మంచిగున్నది."

ముగింపు నేను చూశానక్కా. ఇన్నేళ్లు ఏడిపించి, చివరికి ఆ పిల్లను మళ్లీ ఆ కొట్టే మొగుడి దగ్గరికే పంపించారు. నువ్వైతే ఆ పిల్లతో కోదాడలో కుట్టుమిషన్ పెట్టించేదానివి.

చూస్తున్నంతసేపూ కరెంటు పోతే బాగుండు అనుకున్నాను. పోయింది కూడా. ఫోన్‌లో కథ మాత్రం ఆగలేదు.

నీ తోడికోడలు,
లక్ష్మి