ఈ గుడ్ ఫ్రైడేకు మన షాపు మూసే ఉంచు

అబిగయీలూ,

ఈ రోజు మందుల షాపు తెరవవద్దు. సెలవు దినాల్లో వంతులవారీగా ఒక షాపు తెరిచి ఉండాలన్న మందుల షాపుల సంఘం నియమం మంచిదే. మూడేళ్లుగా గుడ్ ఫ్రైడే వంతు మనకే వేయడం మాత్రం అన్యాయం. అర్జీ ఇచ్చాను, జవాబు లేదు. నిన్న ఎదుటి షాపు పెంచలకృష్ణ తానే వచ్చి, “రేపు నేను తీస్తాలే పెద్దమ్మా, అక్కను ప్రార్థనకు తీసకపో. మీ పండగ కదా!” అన్నాడు. ఇది పండుగ కాదు, దుఃఖదినమని సరిదిద్దబోయి ఊరుకున్నాను. అంత మంచి మాటకు తప్పులు దిద్దకూడదు.

హజరత్తయ్య పది గంటలకు ఇన్సులిన్ కోసం వస్తాడు. ఫ్రిజ్‌లో ఉన్నది ముందే పెంచలకృష్ణకు అప్పగించు.

పన్నెండు లోపల మందిరానికి రా. నీకు నా పక్కన చోటు పట్టి ఉంచుతాను. నిరుడు రెండో మాట కాకముందే షాపు పని మీద ఫోను మోగి లేచిపోయావు. ఈసారి సిలువపై పలికిన ఏడు మాటలూ కూర్చుని విను.

అత్తయ్య

మరచాను: వినాయక చవితికి పెంచలకృష్ణకు వంతు వేయరాదని, ఆ రోజు మనమే తెరుస్తామని సంఘానికి ఇంకో అర్జీ రాశాను. నిన్ను అడగకుండానే రాశాను. కోప్పడకు.