దోస్త్ నంబరు

ఎల్లారెడ్డి హాస్టల్,
ఫిబ్రవరి చివరి ఆదివారం

ప్రియమైన గ్లోరీకి,

నీ ఉత్తరం చేరింది. వార్డెన్ మేడమ్ విప్పి చూసి, "పిలగాడు గాదు, పిల్లనే రాసింది, తీస్కో" అని ఇచ్చింది. ఫోన్లు ముట్టనివ్వని ఈ చోట నీ ఉత్తరాలే నాకు కామారెడ్డి.

నిన్న జూనియర్లు మాకు వీడ్కోలు చేశారు. ఒక్కొక్కరినీ మైకు ముందుకు పిలిచి, ఇంటర్ అయ్యాక ఏం చేస్తావని అడిగారు. ఒకమ్మాయి నర్సింగ్ అంది, ఇంకో అమ్మాయి పోలీసు అంది. నేను "కామారెడ్డిలో డిగ్రీ, గ్లోరీతో" అన్నాను. పదో తరగతి అయ్యాక నువ్వు కామారెడ్డికి, మీ మేనత్త దగ్గరికి వెళ్లిపోయావు కాబట్టి చాలామందికి నువ్వెవరో తెలియదు, అయినా చప్పట్లు కొట్టారు. కూర్చున్నాక మాత్రం భయం పట్టుకుంది. చిన్నప్పటి నుంచి ఇక్కడ గంట కొడితే లేచాను, గంట కొడితే తిన్నాను. పరీక్షలు అయిపోయిన రోజు పెట్టె తీసుకుని వెళ్లమంటారు. ఆ తర్వాత నన్ను లేపే గంట ఏది? అడుగుదామంటే మా తండాలో ఈ దారిన నాకంటే ముందు నడిచినవాళ్లు లేరు.

పోయిన ఆదివారం బాపు వచ్చాడు. జొన్నరొట్టెల మూట విప్పి, "నీ దోస్తు గ్లోరీ లేకపాయె, దాని వంతు ఎవలు తింటరు" అన్నాడు. మా పక్కింటి దేవీసింగ్ కాకకు ఎవడో బ్యాంకు సారునని ఫోన్ చేసి, మెసేజ్‌లో వచ్చిన నంబరు చెప్పించుకుని, పత్తి పైసలు ఊడ్చుకుపోయాడట.  బాపును గేటు దగ్గర కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఆ నంబరు ఎవరడిగినా చెప్పొద్దు, సారునన్నా, చుట్టాన్నన్నా, దోస్తునన్నా చెప్పొద్దు, నా పేరు ఎత్తినా సరే. అప్పజెప్పించుకున్నాను కూడా. "నాకు నువ్వే పంతులమ్మవు" అని నవ్వాడు. ఇన్నేళ్లు చదివి మా ఇంటికి నేను ఇచ్చింది అదొక్కటే.

ఫిజిక్స్ అంటే భయంగా ఉంది. మీ చర్చిలో నాకోసం ఒక మాట చెప్పు.

నీ సునీల


కామారెడ్డి,
మే మొదటి వారం

ప్రియమైన సునీలకు,

ఏడ్చి ఉంటావు. ఇంకా ఏడుస్తుంటే ఈ కాగితం పక్కన పెట్టి, మొహం కడుక్కుని రా.

పోయింది ఫిజిక్స్ ఒక్కటే. సప్లిమెంటరీ రాస్తే వస్తుంది. మా అత్తయ్య నిన్నే తిడుతోంది: "ఒక్క దాంట్ల పోతే గట్ల సచ్చినట్టు పండుకుంటరా? నేను మూడో తరగతి మూడుసార్లు సదివిన."

నేను ఇవాళ డిగ్రీకి దరఖాస్తు పెట్టాను. దాని పేరేమిటో తెలుసా, దోస్త్. నెట్ సెంటర్ అతను "దోస్త్ కొట్టాల్నా?" అంటే "ఎవరి దోస్తును?" అన్నాను. అక్కడున్న వాళ్లంతా నవ్వారు. మనం అనుకున్న కాలేజీనే మొదట పెట్టాను. నువ్వు పాసయ్యాక చివరి విడతలో నీకూ అదే పెడదాం. ఆధార్‌కు ఇచ్చిన ఫోన్‌కు ఒక నంబరు వస్తుంది, అది చెబితే పని అయిపోయినట్టే.

ఇక నుంచి తండాకు ఉత్తరాలు మైసన్న ఆటోలో పంపుతాను. రోజూ మీ తండా మీదుగా గాంధారి నుంచి ఇక్కడికి తిరుగుతూనే ఉంటాడు. "పోస్టుమన్ పని జేస్త గని, నా టోపీ ఏది" అని అడుగుతున్నాడు.

ఒకే బెంచీ, గుర్తుపెట్టుకో.

నీ గ్లోరీ


తండా,
జూన్ చివర

ప్రియమైన గ్లోరీకి,

పాసయ్యాను. బొటాబొటి మార్కులు. సంతోషం రావాలి కదా, రాలేదు. హాస్టల్ వదిలినప్పటి నుంచి పొద్దున లేచి, ఎందుకు లేచానో తెలియక మంచం మీదే కూర్చుంటున్నాను. బోరు దగ్గర ఆడవాళ్లు "సదువు అయిపోయినట్టేనా, ఇగ మాతోని కలుపుకు రా" అంటారు. వాళ్ల మాటలో ఎగతాళి లేదు. అందుకే ఎక్కువ భయం. కలుపు తీసే వరుసలో నాకోసం ఎప్పటి నుంచో ఒక చోటు ఉంచినట్టు పక్కకు జరుగుతారు.

చివరి విడత రేపు సాయంత్రంతో ముగుస్తుందని నీ చీటీలో చూశాను. నేను రాలేను. వాన పడింది. మక్క విత్తనం ఇప్పుడు పెట్టకపోతే నేల పదును పోతుంది, అమ్మ ఒక్కతే ఉంది. బాపు హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి పోయాడు. ఇంటికి ఉన్న ఒక్క ఫోన్ ఆయన దగ్గరే, ఆధార్‌కు ఇచ్చిందీ ఆ నంబరే. నా మెమోలు, ఆధార్ మైసన్న చేతికి ఇస్తున్నాను. బాపుకు ఫోన్ చేసి, వచ్చిన నంబరు అడుగు. నీ పేరు చెబితే చాలు. నీ కోసం రొట్టెలు మోసినవాడు.

ఈ ఒక్కటీ కాకపోతే నేను ఆ వరుసలో కూర్చుండిపోతాను గ్లోరీ. మళ్లీ లేవను.

సునీల


కామారెడ్డి,
జూలై మొదట్లో

సునీలా,

ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపాను.

నీ వివరాలన్నీ నింపాం. మీ బాపు ఫోన్‌కు నంబరు పోయింది. నేను ఫోన్ చేశాను. ఆయన వెనక కాంక్రీటు మిషన్ మోత. "బాపూ, దోస్త్ నంబరు వచ్చింది, జర చెప్పు" అన్నాను. కట్ చేశాడు. మళ్లీ చేశాను. నేను గ్లోరీనన్నాను, నీ పేరు చెప్పాను, హాస్టల్ పేరు చెప్పాను. "నా బిడ్డ పేరు ఇంకోపారి ఎత్తితే పండ్లు రాలగొడ్త" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఆపేశాడు. నిన్ను పిలిపిద్దామంటే మైసన్న ఆటో అప్పటికే వెళ్లిపోయింది, తండాలో ఇంకెవరి నంబరూ నా దగ్గర లేదు. నెట్ సెంటర్ మూసేదాకా కూర్చున్నాను. గడువు అయిపోయింది.

కోపం ఆగక రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ఆయనకు నువ్వు చదవడం ఇష్టం లేదు. ఇష్టం ఉన్న తండ్రి అలా మాట్లాడడు. వచ్చే ఏడాది నువ్వే వచ్చి నా ముందు దరఖాస్తు పెట్టుకో.

గ్లోరీ


తండా

గ్లోరీకి,

అర్థమైంది. ఆదివారాలు ఆయన రొట్టెలు తెచ్చింది నన్ను చదివించడానికి కాదు, ఎప్పుడు ఇంటికి వస్తానో చూసి పోవడానికి.

వచ్చే ఏడాది అని రాశావు. ఇక్కడ వచ్చే ఏడాది అంటే వచ్చే పంట, అంతే. నువ్వు కాలేజీకి వెళ్లు. అక్కడ ఏం చెబుతున్నారో నాకు రాయకు. కొన్నాళ్లు అసలు రాయకు.

సునీల


తండా,
తీజ్ పండుగ మరునాడు

ప్రియమైన గ్లోరీకి,

రాయొద్దన్నది నేనే. అయినా మైసన్న ఆటో ఆగినప్పుడల్లా అతని చేతులవైపు చూస్తున్నాను.

తీజ్‌కు బాపు వచ్చాడు. నీళ్లు ఇచ్చి పక్కకు పోయాను. పెళ్లికాని పిల్లలందరితో పాటు గోధుమ మొలకల బుట్ట నెత్తిన పెట్టుకున్నాను కానీ పాట అందుకోలేదు. సాయంత్రం బాపు, దేవీసింగ్ కాక మా అరుగు మీద కూర్చున్నారు. మా లంబాడీలోనే మాట్లాడుకున్నారు, నీకు తెలుగు చేసి రాస్తున్నాను.

"నాకు గూడ చేసిండ్రే అన్నా, దొంగలు" అన్నాడు బాపు. "ఆడపిల్ల గొంతు. బాపూ అని పిలుస్తది. దోస్త్ నంబరు చెప్పు అంటది. నువ్వెవలు నాకు దోస్తు?"

"చెప్పినవా ఏంది?"

"నేనా? దానికి మా సునీల పేరు తెల్సు, హాస్టల్ పేరు తెల్సు. ఆఖరికి నేను గ్లోరీనంటది. ఎంత సదువుకున్న దొంగలో సూడు. నా బిడ్డ ముందుగాల్నే చెప్పి పెట్టింది, దోస్తునన్నా చెప్పకు, నా పేరు ఎత్తినా చెప్పకు అని. తిట్టి ఫోన్ బంద్ జేసిన."

దేవీసింగ్ కాక తల దించుకుని, "నాకు గసొంటి బిడ్డ లేకపాయె" అన్నాడు.

బాపు నన్ను పిలిచి ఫోన్ చేతిలో పెట్టాడు. ఆ మెసేజ్ తుడిచెయ్యకుండా నాకు చూపించడానికే దాచాడట. "సూడు బిడ్డా, ఎవ్వలకు చెప్పలే. మంచిగ చేసిననా?"

నా సీటు అక్కడ ఉంది గ్లోరీ, కొన్ని అంకెల్లో. ఆయన మొహం చూశాను. నేను ఆయనకు చెప్పిన పాఠం ఒక్కటే. దాన్ని ఆయన పొల్లు పోకుండా నేర్చుకున్నాడు.

"మంచిగ చేసినవ్ బాపూ" అన్నాను. ఆయన చూస్తుండగానే మెసేజ్ తీసేశాను.

డిగ్రీ సీటు ఏమైందని తర్వాత అడిగాడు. మార్కులు చాలలేదని చెప్పాను. "నీ తప్పు గాదు తీ బిడ్డా" అని నా తల నిమిరాడు. ఆయన ఇష్టం లేకనే నంబరు చెప్పలేదనుకున్నన్ని రోజులు కోపమైనా ఉండేది, పొద్దున దాన్ని పట్టుకుని లేచేదాన్ని. ఇప్పుడు అదీ లేదు. రేపటి నుంచి కలుపుకు వెళ్తున్నాను.

ఎప్పుడైనా ఇటు వస్తే, ఆ ఫోన్ చేసింది నువ్వేనని ఆయనకు చెప్పొద్దు. ఎప్పటికీ చెప్పొద్దు.

నీకు రాస్తున్నానని చూసి, బాపు ఒక మాట రాయమన్నాడు. "దొంగలు పాపం గ్లోరీ పేరు గూడ వాడుకుంటున్నరు. పైలంగ ఉండుమని రాయి" అన్నాడు.

రాస్తున్నాను. పైలంగా ఉండు.

నీ దోస్తు,
సునీల