పుర్రచెయ్యి

లక్ష్మీ, నువ్వు పోయి నేటికి ఏడాది. సాయంత్రం నుంచి కాలు నిలవక ఇల్లంతా తిరుగుతున్నాను.

డిగ్రీ చదివే మన మనవరాలు శ్రావణికి ఇవాళ ఫిజిక్స్ పరీక్ష. అందులో కుడిచేతి సూత్రం మీద ప్రశ్న వచ్చింది. కుడి బొటనవేలిని తీగలో కరెంటు వెళ్లే వైపు చాపితే, ముడిచిన వేళ్లు అయస్కాంత క్షేత్రం తిరిగే దిక్కు చూపుతాయి. చాలామంది కుడిచేతిలో పెన్ను వదలకుండా ఎడమచెయ్యి తిప్పి చూసి తప్పు రాశారట.

“నాది పుర్రచెయ్యి గద తాతా! పెన్ను గిటు, కుడిచెయ్యి ఖాళీ. మస్తు రాసిన!” అంది, దబీర్‌పురాలో రైలు దిగి వస్తూనే.

అది పలక పట్టిన రోజుల్లో, ఎడమచేత్తో రాస్తోందని నేను స్కేలుతో కొడితే నువ్వు లాక్కుని విరిచేశావు. “పోరి చెయ్యి ముట్టినవంటే నీకు బువ్వ బెట్ట” అన్నావు. ఇన్ని పుస్తకాలు చదివిన నాకే ఎదురు చెప్పావని నెల్లాళ్లు మాట్లాడలేదు.

ఈ ఒక్క గొడవలో నువ్వే గెలిచావు. మిగతా వాటిలో ఇప్పటికీ తప్పు నీదే.