నాలుగు వానల కొట్టివేత గురించి

మావీ ద్వీపం, వైఓలినో లోయ నుంచి
నీటి కేటాయింపు అధికారి గారి సముఖమునకు

విషయం: అడవి, నీటి విలువ నివేదికలో పదకొండు వానలని పడిన లెక్కను ఏడుగా దిద్ది, మా ఏటికి నీరు వదలుటను గూర్చి.

అయ్యా,

పై లోయలో చేమ మళ్ళు సాగు చేసుకొను లొపాకా మహుకా సవినయంగా విన్నవించుకొనునది.

1. మా ఏటిని ఎగువన సొరంగంలోకి మళ్ళించి, అవతలి తీరాన హోటళ్ళ పచ్చికకు పంపుతున్న సంగతి తమకు తెలియనిది కాదు. అనుమతి మీద ఉన్నది తమ సంతకమే. మాకు మిగిలిన కాసిని నీళ్ళు మడిలో కదలక వేడెక్కుతున్నవి. వేడి నీటిలో చేమ గడ్డ కుళ్ళుతుంది. చేమ మాకు పంట కాదు, మా పురాణం ప్రకారం మా వంశంలో మొదట పుట్టిన అన్న. అన్న కుళ్ళిపోతుంటే తమ్ముడు ఏమి చేయవలెనో తమ నిబంధనలలో వెతికాను, దొరకలేదు.

2. గత ఏడాది తమ శాఖవారు సంప్రదాయ జ్ఞానం ప్రకారం అడవికీ నీటికీ విలువ కట్టుటకు సర్వే జరిపించినారు. ఇన్నాళ్ళకు ఎవరో అడిగారని సంబరపడ్డాము. సర్వే అమ్మాయి మా నాయనమ్మ ఎమాలియా గారిని (వయస్సు 86; మాలో నాయనమ్మను టూటూ అంటారు) అడిగిన ప్రశ్న: "టూటూ, మీ లోయలో ఏయే వానలున్నాయి?" నాయనమ్మ కళ్ళు మూసుకుని పదకొండు పేర్లు చెప్పినది.

3. మాలో వంశం చెప్పేటప్పుడు పోయినవాళ్ళని వదిలేయరు. వదిలేస్తే వాళ్ళు రెండోసారి పోయినట్టు. వానలకూ అదే మర్యాద. ఆ పదకొండింటిలో నాలుగు ఇప్పుడు లేవు. ఎర్రగా దిగే ఉలలేనా వానను నేను పుట్టి ఎరగను. కొండ మీద అడవి పలచబడ్డాక మబ్బు ఆగడం మానేసింది, మబ్బు ఆగనిచోట ఆ వాన దిగదు. ఇది నాయనమ్మకు తెలుసు. సర్వే అమ్మాయికి తెలియదు, అడగనూ లేదు.

4. నివేదిక 37వ పేజీ: "స్థానిక పెద్దల జ్ఞానం ప్రకారం ఈ లోయకు పదకొండు రకముల వానలు గలవు. కావున నీరు మిగులు. మళ్ళింపు పెంచవచ్చును." అయ్యా, మా ముసలమ్మ మాటతోనే మా మళ్ళు ఎండగట్టిన తెలివికి దండం పెడుతున్నాను.

5. ఇది తప్పని తమ కార్యాలయంలో మొర పెట్టుకొనగా గుమాస్తాగారి జవాబు:

"పెద్దావిడ చెప్పిందేగా రాశాం. ఆ నాలుగూ లేవని ఆవిడ చేతే సంతకం పెట్టించుకురా, చూద్దాం."

"నేను చెబుతున్నాను కదండీ."

"నువ్వెవరివయ్యా? జ్ఞానం పెద్దవాళ్ళది."

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే నా మీద చేయి చేసుకున్న కేసు ఉండేది.

6. ఇంటికి వెళ్ళి నాయనమ్మను అడిగాను.

"ఒరే, మీ తాత ఓడెక్కి పోయి మూడేళ్ళు ఉత్తరం ముక్క రాయలేదు. చచ్చిపోయాడని నేను రాసిచ్చానా?"

"లేదు టూటూ."

"మరి? వానైనా అంతే, పేరు పెట్టి పిలుస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు ఇటు తిరుగుతుంది. పోయిందని నేనే సంతకం పెడితే ఇంక ఎవరి కోసం వస్తుందిరా?"

"పెట్టకపోతే ఉన్న ఏడూ హోటలు గడ్డికి పోతాయే."

నాయనమ్మ అంది: "నీకు నీళ్ళు కావాలి, నాకు వానలు కావాలి. మనిద్దరికీ తగువు పెట్టారు చూడు."

కావున, మళ్ళింపు పెంపుపై వచ్చే మంగళవారం జరుగు విచారణ లోపల సదరు లెక్క సరిచేసి, సొరంగం తలుపు మూయించి, ఏటిని దాని దారిన పోనివ్వవలెను. ఈ మనవి చిత్తగించుటకు తమకు తీరిక చిక్కవలెనని కోరుచు,

తమ విధేయుడు (వేరే దారి లేనందున),
లొపాకా మహుకా

తా.క. కవరు అంటించబోతుంటే నాయనమ్మ ఒక తెల్లకాగితం అడిగింది. నాలుగు వానల పేర్లూ తనే రాసింది. ఒక్కొక్కటీ పైకి చదివి దాని మీద గీత కొట్టింది. కింద సంతకం పెట్టి, "ఇంక నన్నేమీ అడక్కురా" అంది. ఆ తర్వాత ఇంతవరకు నాతో మాట్లాడలేదు. కాగితం జతపరిచాను. నీళ్ళు వదలండి బాబూ. వదలడం కుదరకపోతే ఆ కాగితం నాకు తిరిగి పంపించేయండి. నకలు తీసుకోవద్దు.