మెట్ల మీద కన్ను

పై అంతస్తు తమ్ముడికి,

కింది అంతస్తు నుంచి అన్నయ్య దీవించి రాసేది. ఇక్కడ నేను కులాసా. నువ్వు కులాసాగా ఉన్నావో లేదో మెట్లెక్కి వచ్చి అడిగితే సరిపోయేది గానీ, వానాకాలం నుంచి మనకి మాటల్లేవు. ఉత్తరాలు కూడా ఉండకూడదని ఎవరూ అనుకోలేదు కాబట్టి దీన్ని గేటు కొక్కేనికి వేలాడే నీ పాలసంచీలో పెడుతున్నాను.

సంగతేమిటంటే, ఇంటికి దొంగల అలారం కొనదలిచాను. కొట్లో రెండు రకాలు చూపించారు. ఒకటి మామూలుది. తలుపు తెరిస్తే సైరన్ కూస్తుంది, అంతే. రెండోది ఖరీదు. దానికి మనిషి కదిలితే కనిపెట్టే కన్ను ఒకటుంటుంది. అది చూడగానే మనం చెప్పిన గదిలో దీపం వెలుగుతుంది, కావాలంటే ఫ్యాను కూడా తిరుగుతుంది. ఏది తీసుకోమంటావు? చదువుకున్నవాడివి. రెండింటినీ ఎవరికి వాళ్ళే బిగించుకోవచ్చట. మేకు అక్కర్లేదు, మర అక్కర్లేదు, వెనకాల కాగితం ఊడదీసి గోడకి అంటిస్తే చాలట! ఇనప పెట్టెలకి రివెట్లు కొట్టి కొట్టి ముసలివాణ్ణయిన నన్ను జిగురుని నమ్మమంటున్నారు.

దానికి వైఫై కూడా కావాలట. అది నీ దగ్గరే ఉంది గదా.

ఇట్లు,
నీ అన్నయ్య

తా.క. నువ్వు మాట్లాడకపోవడానికి కారణం నీ కళ్ళద్దాల షాపు బోర్డు వంకరగా ఉందన్నందుకేనా? అది నిజంగానే వంకరగా ఉంది.

* * *

మహారాజశ్రీ కింది అంతస్తు అన్నయ్యగారికి నమస్కారాలు.

తమరి ఉత్తరం అందింది. పాల ప్యాకెట్టు కింద పడి రెండో పేరా నానిపోయింది, అయినా చదివాను. మొదటి రకమే చాలు. దీపాలకి స్విచ్చులున్నాయి, ఫ్యాను తమరు అసలు వెయ్యరు. పైగా మన ఇంట్లో దొంగకి దొరికేది ఏముంది? తమరి గది నిండా పెట్టెలే, అవన్నీ ఖాళీవే. వాడు తాళాలు పగలగొట్టీ పగలగొట్టీ నీరసించి పోతాడు.

వైఫై పాస్‌వర్డ్ చీటీ మీద రాసి జతపరిచాను. మాటలు తెగినంత మాత్రాన వైఫై కూడా తెంపేటంత కఠినుణ్ణి కాను.

బోర్డు గురించి కాదు. దేని గురించో తమరికి తెలుసు. తెలియనట్టు నటించడం తమరికి తగదు.

ఇట్లు,
తమ్ముడు

తా.క. బోర్డు ఎటువైపు వంకర?

* * *

తలుపుకి తాళం వేశానో లేదో ఎప్పుడూ గుర్తుండని తమ్ముడికి,

నువ్వు మొదటి రకం తీసుకోమన్నావు కాబట్టి బాగా ఆలోచించి రెండోది కొన్నాను. కొట్టాయన మంచివాడు. నేనడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా కాగితం మీద రాసి చూపించాడు. కన్నుని మెట్ల మొదట్లో గోడకి పెట్టాను. అంటించమన్నారు గానీ, చుట్టూ రేకు పట్టీ వేసి రివెట్లు కొట్టేశాను. ఇక ఇల్లు కూలినా కన్ను అక్కడే ఉంటుంది.

కానీ మోసపోయాను తమ్ముడూ. సైరన్ మూగది! బొత్తాం నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. మోత పెంచే మరని చివరిదాకా తిప్పాను. అయినా అంతే. పొద్దున్నంతా నొక్కుతూనే ఉన్నాను. చెవి ఆనించి వింటే దోమ మూలిగినట్టుంది. దానికి దొంగ భయపడడు సరిగదా, జాలిపడతాడు. కంపెనీకి ఘాటుగా రాశాను.

ఆపదొస్తే ఎవరికి ఫోను వెళ్ళాలి అన్నచోట నీ నంబరిచ్చాను. నాకు నోటికొచ్చిన నంబరు అదొక్కటే.

ఒక్క మాట. మాటలొచ్చిన దగ్గర్నుంచి నన్ను నువ్వు అన్నవాడివి, ఈ తమరు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరికో వెళ్ళాల్సిన ఉత్తరం నేను చదువుతున్నట్టుంది. మనసు కష్టపడింది.

ఇట్లు,
అదే అన్నయ్య

తా.క. బోర్డు కుడివైపు వంకర. షాపులోంచి చూసేవాళ్ళకి కాదు, బస్సులోంచి చూసేవాళ్ళకి.

* * *

అన్నయ్యగారికి,

నమస్కారాలు పెట్టే ఓపిక ఇవాళ లేదు.

సైరన్ మూగదా? ఆ మోతకి ఎదురింటి ఇస్త్రీ ఆయన ఇస్త్రీపెట్టెని చొక్కా మీదే వదిలేసి వీధిలోకి పరుగెత్తాడు. ఆ చొక్కా నాది. వీధి వీధంతా గేటు ముందు చేరి గొంతు చించుకుని పిలుస్తుంటే, తమరు కిటికీలోంచి చూసి, చెయ్యి ఊపి, నవ్వి, మళ్ళీ నొక్కారట! ఇక్కడ షాపులో నా ఫోను ‘ఇంట్లో దొంగ, ఇంట్లో దొంగ’ అని అరుస్తూనే ఉంది. కుర్చీలో కూర్చుని అక్షరాలు చదువుతున్న పెద్దావిడ చదవడం మానేసి తన చేతిసంచీ ఒళ్ళోకి లాక్కుంది.

ఇదంతా నవ్వుకుని మర్చిపోయేవాణ్ణే. సాయంత్రం ఇంటికొచ్చి కన్నుని చూశాను. గేటు వైపు కాదు, తమరి తలుపు వైపు కాదు, మెట్ల వైపు పెట్టారు. ఆ మెట్లు ఎక్కేదీ దిగేదీ నేనొక్కణ్ణే. అంటే ఈ ఇంట్లో దొంగని నేనన్నమాట. ఇద్దరం పెళ్ళిళ్ళు లేకుండా ఇన్నేళ్ళు ఒక కప్పు కింద బతికినందుకు చివరికి ఇదీ నాకు దక్కిన మర్యాద.

ఊడబీకుదామంటే తమరి రివెట్లు కదల్లేదు. అందుకని దానికి కళ్ళద్దాల సంచీ తొడిగాను.

ఇట్లు,
మెట్ల మీది దొంగ

తా.క. సంచీ మీద షాపు పేరు నిటారుగానే ఉంది. ఎటు నుంచి చూసినా సరే.

* * *

తమ్ముడూ,

నిన్ను దొంగ అనుకోవడమా? ఆ మాట చదివి ఇవాళ సుత్తి ముట్టుకోలేదు. నిన్ను భుజాలకెత్తుకుని బడికి తీసుకెళ్ళిన మనిషినిరా నేను.

సైరన్ కంపెనీకి తిప్పి పంపేశాను. ఇక వీధికి గొడవ లేదు. కానీ కన్ను మీది సంచీ తీసెయ్యి. బతిమాలుకుంటున్నాను. ఎందుకని అడక్కు, చెప్పడానికి నామోషీగా ఉంది. సంచీ తొడిగిన దగ్గర్నుంచి నా ప్రాణం కుదుటగా లేదు.

ఇట్లు,
అన్నయ్య

తా.క. కాలిన చొక్కా ఏ రంగుది? నా దగ్గర కొత్త నీలం చొక్కా ఒకటుంది. ఈ ఇంట్లో ఖాళీగా లేని పెట్టె అదొక్కటే.

* * *

అన్నయ్యగారికి,

సంచీ తీసేశాను. ఇకమీదట దాని అవసరం ఉండదు. చొక్కా వద్దు.

ఇట్లు,
తమ్ముడు

తా.క. చెప్పడానికి తమరికి నామోషీ అయితే, అడగడానికి నాకూ నామోషీయే. ఒకసారి అడిగి చూశాను, చాలు.

* * *

నా బంగారు తమ్ముడికి,

సంచీ తీసినందుకు కలకాలం చల్లగా ఉండు. నిన్న ఆదివారం నా బల్ల మీద దీపం ఎన్నిసార్లు వెలిగిందో! పొద్దున్నుంచి వెలుగుతూ, ఆరుతూ, మళ్ళీ వెలుగుతూనే ఉంది. తమ్ముడు ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు, సెలవు కదా, ఏదో సర్దుకుంటున్నాడు అనుకుని అలాగే కూర్చుని చూశాను. ఈమధ్య కాలంలో ఇల్లు ఇంత నిండుగా ఉన్న రోజు లేదు. ఆ సంతోషంలో నామోషీ చంపుకుని చెప్పేస్తున్నాను.

నాకు చెవులు పోయాయిరా. జన్మంతా రేకు మీద సుత్తి దెబ్బలు విన్నాయి కదా, ఇక చాలనుకున్నాయి. ఇదివరకు పైన నీ అడుగుల చప్పుడు విని, వచ్చాడు అనుకుని, అప్పుడు కంచం ముందు కూర్చునేవాణ్ణి. వానలకి ముందు ఆ చప్పుడు తగ్గుతూ వచ్చింది. నువ్వు మెత్తని చెప్పులు కొన్నావనుకున్నాను. తర్వాత మొత్తానికే ఆగిపోయింది. నువ్వు వచ్చావో రాలేదో తెలియక ముద్ద దిగేది కాదు. వచ్చి అడుగుదామంటే నీకు నా మీద కోపం.

కన్ను దొంగ కోసం కాదు. నువ్వు మెట్టెక్కితే నా బల్ల మీద దీపం వెలుగుతుంది. అది చూసి నేను భోజనం పెట్టుకుంటాను. అందుకే రెండో రకం కొన్నాను.

సైరన్ మూగది కాదని, నా చెవులే ఇంతగా పోయాయని ఇప్పుడు నాకూ తెలుసు. కంపెనీ వాళ్ళకి క్షమాపణ రాశాను.

ఇట్లు,
ఆశగా దీపం కేసి చూసే
నీ అన్నయ్య

తా.క. ఈ ఉత్తరం పెడదామంటే కొక్కేనికి నీ పాలసంచీ లేదు. పిల్లి లాక్కుపోయినట్టుంది. అందుకే షాపు చిరునామాకి పోస్టులో వేస్తున్నాను.

* * *

అన్నయ్యా,

నీ ఉత్తరం షాపులో చదివాను. కుర్చీలో ఉన్న ఆయన్ని కళ్ళు మూసుకోమని చెప్పి, లోపలికెళ్ళి ఏడ్చాను. పాపం ఆయన నేను తిరిగి వచ్చేదాకా మూసుకునే ఉన్నాడు.

పాలసంచీని పిల్లి లాక్కుపోలేదు. నేనే పట్టుకొచ్చాను. షాపు వెనక ఒక గది తీసుకున్నాను. ఆదివారం నీ దీపం అన్నిసార్లు వెలిగింది నేను సామాను దించుతుంటే. మంచం, గిన్నెలు, పుస్తకాలు, కుర్చీలు. నేను ఇల్లు ఖాళీ చేస్తుంటే నువ్వు ఇల్లు నిండిందని కూర్చుని చూశావు. ఈ మాట నన్ను చచ్చేదాకా వదలదు.

వానాకాలంలో ఒకరోజు నీ గుమ్మంలో నిలబడి నిన్నొకటి అడిగాను. నువ్వు అటు తిరిగి పెట్టెకి రివెట్లు కొడుతున్నావు. మళ్ళీ అడిగాను. గొంతు పెంచి మళ్ళీ అడిగాను. నువ్వు తల కూడా తిప్పలేదు. కాదని చెప్పడానికి కూడా నన్ను లెక్కచెయ్యలేదనుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాను. లోపలికొచ్చి నీ భుజం మీద చెయ్యి వేసుంటే ఇన్ని నెలలు పోయేవి కావు. ఊళ్ళో అందరి కళ్ళూ చూసి చెప్పేవాణ్ణి, నా ఇంట్లో మనిషి చెవుల సంగతి కనిపెట్టలేకపోయాను. తమరు, తమరు అని రాసిన ఉత్తరాలన్నీ పొయ్యిలో వేసెయ్యి.

ఈ ఉత్తరం ఇస్త్రీ ఆయన చేతికిచ్చి ముందుగా పంపుతున్నాను. సాయంత్రం సామానుతో నేను వస్తాను. తలుపు కొట్టను, లాభం లేదని ఇప్పుడు తెలిసింది. మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ ఉంటాను. దీపం నిన్ను విసిగించేటట్టు వెలుగుతుంటే లేచి వచ్చి తలుపు తియ్యి. చెవుల డాక్టరు దగ్గరికి రేపు ఇద్దరం వెళదాం.

ఇట్లు,
నిన్ను నువ్వు అనే
తమ్ముడు

తా.క. ఆ రోజు నేనడిగింది ఇదీ: పైన ఒక్కణ్ణీ కూర్చుని తినలేకపోతున్నాను, కిందే ఒక పొయ్యి మీద ఇద్దరికీ వండుకుందామా? జవాబు మాత్రం కాగితం మీద రాయకు. నోటితో చెప్పు. నాకింకా వినబడుతుంది.